అలోంజో టిబ్స్ సమాధి

ఎండ ఇంకా వరండా మెట్లెక్కలేదు. వెర్డెల్ ఒడిలో పళ్ళెం పెట్టుకుని అలసంద కాయలు ఒలుస్తోంది. భర్త క్లియోటిస్ పత్తి చేలో కలుపుకు వెళ్ళాడు. తండ్రి అలోంజో పొగాకు కోసం ఓరా అత్త కొట్టుదాకా వెళ్ళాడు. లోపల పొయ్యి మీద మొక్కజొన్న రొట్టె కాలుతోంది.

రోడ్డు మలుపులో కారు చప్పుడైంది. ఆమె చేతులు ఆగిపోయాయి.

పోయిన వారం క్లియోటిస్ ఓటరుగా పేరు రాయించుకోవడానికి కోర్టుకు వెళ్ళాడు. అదే పని మీద వెళ్ళిన హోలిస్ ఇంటిని మొన్న తెల్లవాళ్ళు తగలబెట్టారు. నల్లవాళ్ళు ఓటడగడం వాళ్ళకు గిట్టదు. అప్పటినుంచి మిసిసిపీలో ఏ కారు వినబడినా అది తమ ఇంటికే వస్తోందనిపిస్తోంది ఆమెకు.

ఇది నిజంగానే వచ్చి ఆగింది. నంబరు ప్లేటు ఈ రాష్ట్రానిది కాదు. ఇద్దరు తెల్ల కుర్రాళ్ళు దిగారు. అందులో ఎర్రజుట్టువాడు టోపీ తీసి, "గుడ్ మార్నింగ్, మేడమ్" అన్నాడు.

ఆ మాటకే ఆమె పళ్ళెం దగ్గరికి లాక్కుంది. పుట్టి ఇన్నేళ్ళలో ఏ తెల్లవాడూ తనను మేడమ్ అనలేదు. ఇంత మర్యాద వెనక ఏముందో?

"అలోంజో టిబ్స్ గారి ఇల్లు ఇదేనాండీ?"

"చచ్చిపోయాడు."

ఆలోచించకముందే ఆ మాట వచ్చేసింది. చిన్నప్పుడు తల్లి నేర్పిన మాట అది. ముక్కూ మొహం తెలియని కారు వచ్చి ఎవరి పేరైనా అడిగితే చచ్చిపోయాడని చెప్పాలి. చచ్చినవాణ్ణి ఎవరూ వెతకరు.

ఎర్రజుట్టువాడి మొహం వాడిపోయింది. "సమాధి ఎక్కడుందో చెప్తారా? ఒక్కసారి చూసి వెళ్తాం."

"చర్చి వెనక. దేవదారు చెట్టు కింద. రాయి లేదు."

కారు అటే వెళ్ళింది. వెర్డెల్ లోపలికి వెళ్ళి నేలమీద కూలబడింది. రొట్టె మాడిన వాసన వచ్చేదాకా లేవలేదు.

అలోంజో పొగాకు లేకుండానే తిరిగివచ్చాడు. వగరుస్తున్నాడు.

"వెర్డీ! నేను చచ్చిపోయానటగా?"

"మెల్లిగా మాట్లాడు నాన్నా."

"చచ్చినవాణ్ణి, నాకు మెల్లిగా ఏమిటే? వాళ్ళు దారిలో ఓరా కొట్టు దగ్గర ఆగారట. 'అవును బాబూ, ఎంత మంచివాడో' అని ఆవిడ కూడా కళ్ళొత్తుకుందట! ఊరంతా కలిసి నన్ను పూడ్చేశారు."

"మరి ఏం చెప్పమంటావ్? హోలిస్ ఇల్లు చూశావుగా!"

"వాళ్ళ చేతిలో నా పాట రికార్డు ఉందటే. అది విని నన్ను వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చారట."

ముప్పై ఏళ్ళ కిందట తండ్రి రైలెక్కి పట్నం వెళ్ళి ఓ కంపెనీలో పాటలు పాడివచ్చాడని ఆమె విన్నది. కొన్నాళ్ళకే కంపెనీ మూతపడింది. రికార్డు ఈ ఊరిదాకా రాలేదు. శనివారం రాత్రుళ్ళు నల్లవాళ్ళ కష్టసుఖాల ఆ బ్లూస్ పాటలకు ఆడినవాళ్ళే ఆదివారం చర్చిలో వాటిని దెయ్యం పాటలన్నారు. ఆమెకు ఊహ తెలిసేసరికే ఆయన పాడటం మానేశాడు.

"అదంతా నాటకమేమో. ఊరిస్తున్నారేమో."

"నాటకానికి నా రికార్డు సంపాదిస్తారా? నా దగ్గరే లేదే! నా గొంతు ఆ రికార్డులోంచి ఎలా వస్తుందో ఒక్కసారైనా వినలేదు నేను." ఆయన గొంతు తగ్గింది. "ఇది ఎన్నోసారి నన్ను చంపడం?"

ఆమె తలొంచుకుంది.

"వెర్డీ."

"రెండోసారి. పోయినేడు కూడా ఒకతను వచ్చాడు."

అలోంజో మెట్టు మీద కూర్చున్నాడు.

"పత్తి లెక్క అడిగానని భూస్వామి మనుషులు నాకోసం వచ్చిన రోజు మీ అమ్మ ఈ గుమ్మంలోనే ఆ మాట చెప్పింది. నేను మంచం కింద ఉన్నాను. ఆ మాటే నన్ను బతికించింది, నిన్ను తప్పుపట్టను. కానీ అమ్మా, అప్పట్నుంచీ నేను మంచం కిందే ఉన్నాను."

ఆయన లేచాడు. ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దు నాన్నా. తెల్లవాడి మొహం మీదే అబద్ధమాడానని తెలుస్తుంది. దానికి ఏం చేస్తారో నీకు తెలీదా?"

"తెలుసు. అందుకే నువ్వు రావద్దు."

ఆయన వెళ్ళిపోతుంటే చూస్తూ ఉండలేకపోయింది. కట్టుకున్న ఏప్రన్‌తోనే వెనక నడిచింది. ఆ కారు అప్పటికే వెళ్ళిపోయి ఉంటే బాగుండునని దేవుణ్ణి వేడుకుంది.

కారు చర్చి ముందే ఉంది. వెనక దేవదారు కింద ఆ ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి పీకుతున్నారు. ఆమె తల్లి సమాధి అది. పక్కన కుప్పగా పగిలిన కప్పు, సాసరు, దీపం చిమ్నీ. పోయినవాళ్ళు చివరిసారి వాడినవి సమాధి మీద పెట్టడం తమవాళ్ళ ఆచారం. వాళ్ళు అదంతా చెత్త అనుకుని తీసి పారేశారు.

తల్లి చివరిరోజున పెదవులకు ఆనించిన కప్పు ఆ కుప్పలో ఉంది.

"ముట్టుకోకండి! అది అక్కడ పెట్టండి!"

అరిచింది తనేనని వెర్డెల్‌కు క్షణం తర్వాత తెలిసింది. అలోంజో గిర్రున తిరిగి ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు. ఎర్రజుట్టువాడు లేచాడు. చేతులనిండా మట్టి.

అతడు వంగి కప్పును రెండు చేతులతో తీశాడు. "క్షమించండి, మాకు తెలీలేదు. ఎక్కడుండేదో చెప్పండి, మేడమ్."

ఆమె తండ్రి భుజం పక్కనుంచి ముందుకు వచ్చింది. పారిపొమ్మంటున్న కాళ్ళను అక్కడే నిలిపింది.

"తల దగ్గర. అది మా అమ్మది." ఊపిరి పీల్చుకుంది. "మీకు అబద్ధం చెప్పాను. భయపడ్డాను. అలోంజో టిబ్స్ ఈయనే. మా నాన్న."

ఇద్దరు కుర్రాళ్ళూ ముసలాయన వైపు చూస్తూ ఉండిపోయారు. ఎర్రజుట్టువాడి కళ్ళు నిండాయి. ఏదో చెప్పబోయి, చెప్పలేక, రికార్డులోని పాట మొదటి వరస సన్నగా కూనిరాగం తీశాడు.

అలోంజో నవ్వాడు. "నేను నిజంగా చచ్చుంటే అలాగే పాడేవాణ్ణి నాయనా."

గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు. మొదట బొంగురుగా, తర్వాత మెల్లగా తెరుచుకుంటూ. ఆ గొంతును వెర్డెల్ వినడం అదే మొదటిసారి. తను కాపాడాననుకుని ఇన్నాళ్ళూ పూడ్చిపెట్టింది దీన్నేనా?

కన్నీళ్ళు కారుతున్నా ఆమె చూపు రోడ్డు మీదే ఉంది. దూరంగా ఇంకో కారు చప్పుడు వినబడింది. తండ్రి ఆపబోయాడు.

"పాడు నాన్నా," అంది వెర్డెల్. "రోడ్డు నేను చూస్తాను."