కాస్టిక్ షెడ్డులో గొలుసు

అనకాపల్లి దాటాక చెరకు తోటల మధ్య ఉన్న ఆ పంచదార ఫ్యాక్టరీలో, రాత్రి షిఫ్టువాళ్ళెవరూ కాస్టిక్ షెడ్డు వైపు ఒంటరిగా వెళ్ళేవారు కాదట. పన్నెండు దాటాక అక్కడి షవరు దానంతటదే కురుస్తుందని చెప్పుకునేవారు. ఒక్క నిమిషం... అంతే, ఆగిపోతుంది. గుండె చిక్కబట్టుకుని తీరా వెళ్ళి చూస్తే మనిషి ఉండడు. నేల మాత్రం తడిగా ఉంటుంది.

ఇది రెండువేల ఐదు నాటి మాట. ఆ దెయ్యం, అంతకుముందు ఆ షెడ్డులో పనిచేసిన సత్తియ్యదేనని అందరి నమ్మకం. సత్తియ్య బతికే ఉన్నాడు కదయ్యా అంటే గొంతు తగ్గించేవారు.

"మడిసి బతికేడు బావా... కళ్ళు సచ్చిపోనాయి కదా. అయ్యే తిరుగుతన్నాయి."

ఈ మాట వింటే అందరికీ ఒళ్ళు జలదరించేది. ఫిట్టరు రత్నరాజుకి మాత్రం అన్నం సహించేది కాదు.

కిందటేడు జరిగిందది. చెరకు రసం మరిగించే పాత్రలకు పట్టిన గార వదలగొట్టడానికి కాస్టిక్ సోడా కలుపుతారు. నీళ్ళలో సోడా కొద్దికొద్దిగా వెయ్యాలి గాని, సోడా మీద నీళ్ళు పొయ్యకూడదు. పోస్తే ఎగదన్నుతుంది. బోర్డు మీద ఆ ముక్క ఇంగ్లీషులో రాసి ఉంది మరి, ఎవరు చదవాలి? సత్తియ్య తొందరలో పీపాలో సోడా పోసి, దాని మీద వేడినీళ్ళు కుమ్మరించాడు. కళ్ళద్దాలు నుదుటి మీదే ఉండిపోయాయి. సోడా లేచి ముఖాన కొట్టింది.

అలాంటప్పుడు గొలుసు లాగితే షవరులోంచి నీళ్ళు పడాలి. కళ్ళు తెరిచి పట్టుకుని, పావుగంటకు తగ్గకుండా కడగాలి. సత్తియ్య తడుముకుంటూ వెళ్ళి గొలుసు లాగాడు.

చుక్క రాలేదు.

ఎలా వస్తుంది? షిఫ్టు దిగినవాళ్ళంతా సబ్బులు తెచ్చుకుని అక్కడే స్నానాలు చేస్తున్నారని, గోడ వెనక వాల్వు కట్టేసి తీగ చుట్టింది రత్నరాజే. సోడాకి విరుగుడని ఎవడో నిమ్మకాయ పిండబోతే ఇంకొకడు తోసేశాడు. దూరపు కుళాయి నుంచి బకెట్లు మోసేసరికి ఆలస్యమైపోయింది. ఆ గోలలోనే రత్నరాజు గోడ వెనక్కి జారుకుని... తీగ విప్పి, వాల్వు తెరిచేశాడు.

విచారణకు వచ్చినవాళ్ళు గొలుసు లాగితే నీళ్ళు ధారగా పడ్డాయి. సత్తియ్య కంగారులో గొలుసే లాగలేదని రాసుకుపోయారు. రత్నరాజు నోరు మెదపలేదు. ఆ తర్వాత ఏ ఆదివారమూ చర్చిలో తలెత్తి కూర్చోలేదు.

ఏడాది తిరిగాక ఓ రాత్రి, పంపు బాగుచేసి ఆ షెడ్డు పక్కనుంచి వస్తున్నాడు — గొలుసు కిర్రుమంది. నీళ్ళు...

రత్నరాజు వెనక్కి తిరిగాడు. పారిపోదామనుకున్నాడు. ఏడాదిగా చేస్తున్నది అదే కదా అనిపించి సిగ్గేసింది. టార్చి వెలిగించి లోపలికి నడిచాడు.

షవరు పక్కన ఓ ఆడమనిషి. చంకలో చీపురు.

"ఎవులది?"

"నేనే బాబూ... మరిడమ్మని."

సత్తియ్య పెళ్ళాం. అతని కళ్ళు పోయాక జాలిపడి ఆమెను ఊడ్చే పనికి పెట్టుకున్నారు.

"ఈ ఏలప్పుడు ఏటి సేత్తన్నావు?"

"గొలుసు లాగి సూత్తన్నాను బాబూ. ఇంటికెల్లగానే మావ అడుగుతాడు, నీళ్ళొచ్చినాయా మరిడీ అని. నాను లాగేను, రానేదు అని ఏడుత్తాడు." ఆమె గొంతు మరీ తగ్గింది. "ఒక్కనాడు రాకపోతే సాలు... మావ అబద్దమాడనేదని అందరికీ సెప్పుకుందును."

రత్నరాజు టార్చి ఆమె చేతిలో పెట్టి, గోడ వెనక్కి నడిచాడు. చీకట్లో వాల్వు వెతుక్కోనక్కర్లేకపోయింది. చివరిదాకా తిప్పి కట్టేశాడు.

"ఇప్పుడు లాగు, అప్పా," అన్నాడు గోడ అవతలి నుంచి.

గొలుసు కిర్రుమంది. మరోసారి... ఇంకోసారి... చుక్క రాలేదు.

రత్నరాజు ఇవతలికి వచ్చి నిలబడ్డాడు. మరిడమ్మ గొలుసు వదల్లేదు. రెండో చేత్తో టార్చి మెల్లగా తిప్పి, అతని ముఖం మీద ఆపింది.