వెలిసిన నీలం గుడ్డ

ఆ ఉదయం కూడా తండ్రి కూతురి చొక్కాను ఇస్త్రీ చేసి, మడత చెడకుండా చేతికందించాడు. "పెద్ద ఉద్యోగం చేస్తూ నలిగిన బట్టలేంటి డాక్టరమ్మా?" అన్నాడు. వీధి చివర కొట్లో నలభై ఏళ్లుగా బట్టలు కుడుతున్న మనిషి. కూతురికి పీహెచ్‌డీ వచ్చిన రోజు నుంచి 'బుజ్జమ్మా' అన్న పిలుపు ఆయన నోట రాలేదు. తల్లి పోయాక ఇంట్లో మిగిలింది వీళ్లిద్దరే. మాటలు ఆ ఇస్త్రీ దగ్గర మొదలై అక్కడే అయిపోయేవి.

ఆ పెద్ద ఉద్యోగం ఏమిటో ఆయనకు తెలియదు. బట్టల గోదాములో నాణ్యత చూసే ఆఫీసరునని చెప్పింది. నిజానికి ఆమె చేసేది అట్టపెట్టెలకు టేపు అంటించడం. అంతకుముందు కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పేది. టేపు అంటిస్తే అంతకు రెట్టింపు వస్తోంది! నవ్వాలో ఏడవాలో తెలియని చోద్యం. "ఇంత చదివినవాళ్లు మా దగ్గర నిలబడరమ్మా" అని మూడు చోట్ల పంపించేశాక, నాలుగో చోట దరఖాస్తులో పదో తరగతి అని రాసి ఊరుకుంది. లేని చదువు ఉందని చెప్పుకునేవాళ్లను లోకం ఎప్పటినుంచో చూస్తోంది గానీ, ఉన్న చదువు దాచుకునేవాళ్లు ఇప్పుడే పుట్టుకొచ్చారు.

ఎనిమిది నెలలుగా అక్కడ ఎవరితోనూ పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. నోరు తెరిస్తే చదువు బయటపడుతుందని భయం. భోజనాల వేళ మూలన ఒక్కతే కూర్చునేది. అక్కడ ఆమె టేపమ్మాయి, ఇంట్లో డాక్టరమ్మ. ఆ ఇద్దరిలో ఎవరికీ మనసు విప్పి మాట్లాడే తోడు లేదు.

ఆ రోజు హడావిడిలో క్యారేజీ మరిచిపోయింది. మధ్యాహ్నం తండ్రి దాన్ని పట్టుకుని గోదాము గేటు దగ్గరికి వచ్చేశాడు. జేబులో పట్టా తీసుకున్న నాటి ఫొటో. అందులో ఆమె వేసుకున్న నల్ల గౌను ఆయన కుట్టిందే.

"మా డాక్టరమ్మని పిలవండి బాబూ."

సూపర్‌వైజరు అర్థంకాక బుర్ర గోక్కుంటే, ఫొటో తీసి చూపించాడు. "ఇదిగోనండీ, పీహెచ్‌డీ! మీ ఆఫీసరుగారే!"

సూపర్‌వైజరు ఆ ఫొటోనూ, లోపల టేపు చుట్టతో కొయ్యబారిపోయిన ఆమెనూ మార్చి మార్చి చూశాడు. చెడ్డవాడేమీ కాదు. "అబద్ధం రాశావని తెలిశాక కూడా ఉంచుకుంటే నా ఉద్యోగం పోతుందమ్మా. రేపట్నుంచి రావద్దు" అన్నాడు.

తండ్రీ కూతుళ్లు కొట్టుకు తిరిగొచ్చారు. లోపలికి అడుగుపెట్టగానే ఆమె విరుచుకుపడింది.

"నిన్నెవరు రమ్మన్నారు నాన్నా? ఉన్న ఒక్క ఆధారమూ ఊడగొట్టావు!"

"ఆఫీసరువని నువ్వే కదమ్మా చెప్పావు! నాకేం తెలుసు?"

"నిజం చెబితే తట్టుకునేవాడివా? వీధిలో కనబడ్డవాళ్లందరికీ ఆ ఫొటో చూపించావు. నాలుగేళ్లు నేనేం చదివానో ఒక్కసారైనా అడిగావా?"

ఆయన కుట్టుమిషను ముందు కూలబడ్డాడు.

"అడగాలనే ఉండేదమ్మా. నువ్వు చెబితే నాకర్థం కాదు. అర్థం కాలేదని నువ్వు గ్రహిస్తే, ఇక నాతో మాట్లాడటానికి నీకేం ఉంటుందని భయమేసింది."

ఆమె కోపమంతా నీరుగారిపోయింది. ఇన్నాళ్లూ తనొక్కతే ఒంటరిదనుకుంది.

"ఇప్పుడడుగుతున్నాను. ఏం చదివావు?" అన్నాడాయన.

ఆమె కొట్టు ముందు అద్దం దగ్గర వేలాడుతున్న నీలం గుడ్డను చూపించింది. ఎండకు ఒక పక్కంతా పాలిపోయి ఉంది.

"రంగులు ఎందుకు వెలిసిపోతాయో చదివాను నాన్నా. చిన్నప్పుడు అక్కడి గుడ్డలు వెలిసిపోతే నువ్వు ఎండను తిట్టుకునేవాడివి. ఎందుకు వెలుస్తాయని అడిగితే, 'నాకేం తెలుసు, చదువుకున్నవాళ్లని అడుగు' అన్నావు. అడగడానికి ఎవరూ దొరకలేదు. నేనే చదువుకున్నాను."

ఆయన ఆ గుడ్డను చేత్తో తడిమాడు. కళ్లు తుడుచుకుని, లేచి కొట్టు తలుపు సగం మూశాడు. పక్క స్టూలు లాగి ఆమెను కూర్చోబెట్టి, చల్లారిన క్యారేజీ విప్పి ముందు పెట్టాడు.

"తింటూ చెప్పు బుజ్జమ్మా. ఎందుకు వెలుస్తాయి?"

ఆ పిలుపు వినగానే ఆమెకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే చెప్పడం మొదలుపెట్టింది. ఆయన మధ్యమధ్య ఆపి, అర్థంకాని చోటల్లా మళ్లీ చెప్పించుకున్నాడు.