తలుపు తీసింది ఒక్కరే

పాలు పొయ్యిమీద పెట్టేలోగా రికార్డింగు అయిపోవాలి. అది ఆ ఇంటి నియమం. పొద్దెక్కితే వీధిలో బళ్ల హారన్లు, పక్కింటి కుళాయి, పై అంతస్తులో మిక్సీ అన్నీ కలిసి తలా ఓ ఉపన్యాసం మొదలుపెడతాయి. అందుకే ఆవిడ అందరికంటే ముందు లేచి, స్నానం చేసి, దేవుడి దగ్గర దీపం వెలిగించి, వెనక గది కిటికీకి బొంత వేలాడదీసి, సెల్‌ఫోను పట్టుకుని నిలబడుతుంది. ఎదురుగా కుర్చీలో ఆయన కూర్చుంటారు.

ఉద్యోగమున్నన్నాళ్లూ బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు వచ్చింది, ఏది ఆలస్యం అని చెప్పిన గొంతు ఆయనది. ఊరంతా 'మైకాయన' అంటుంది. ఉద్యోగం అయిపోయినా గొంతు ఊరుకోలేదు. రోజూ కాసేపు దేశాల సంగతులు మాట్లాడి ఫోన్లో పెట్టడం మొదలుపెట్టారు. ఏ పార్టీ కండువా లేదు, ఎవరి ప్రకటనా లేదు. ఆయన నోరు, ఆవిడ చెయ్యి, అంతే పెట్టుబడి.

"కళ్లజోడు జారిపోతోంది, పైకి తోసుకోండి" అంది ఆవిడ, మీట నొక్కే ముందు.

"దీని కాలు వదులైందే. అమ్మాయికి చూపించాలి" అంటూ ఆయన గొంతు సవరించుకున్నారు.

మన సైన్యం నది దాటి పక్కనున్న చిన్న దేశంలోకి వెళ్లిన దగ్గర్నుంచి ఆయన వేరే విషయం ఎత్తడం లేదు. టీవీల్లో అంతా చప్పట్లే. ఈయన ఒక్కరే ఎదురీత.

"అయ్యా, అక్కడి అధ్యక్షుడే పిలిచాడు కాబట్టి వెళ్లాం అంటున్నారు. సరే. ఓ ఇంట్లో పదిమంది ఉంటారు. అందులో ఒకడికి మిగతావాళ్లతో పడదు. వాడు పెరటి తలుపు తీసి పక్కింటి బలశాలిని రమ్మంటాడు. అది ఆ ఇంటి పిలుపు అవుతుందా? తలుపు తీసింది ఒక్కరే. మిగతావాళ్ల దృష్టిలో అది పిలవని పేరంటమే. స్థిరత్వం కోసం వెళ్లాం అంటారు. స్థిరత్వం అనేది పెద్దవాడు చిన్నవాడి నోరు మూయించడానికి వాడే మర్యాద మాట!"

చివర్లో ఆవిడ ఒక ప్రశ్న అడగడం ఆనవాయితీ. వినేవాళ్లలో సగంమంది దానికోసమే వింటారు.

"ఏవండీ, ఆ ఇంట్లో నిజంగా ఎవరైనా దెబ్బలు తింటుంటే? అప్పుడూ మనం గోడ ఇవతలే నిలబడి చూడాలా? పాపం కాదూ?"

ఆయన కుర్చీలో ముందుకి వంగారు. "దెబ్బలు తినేవాడు కేకేస్తే వెళ్లాలి. వెళ్లి, ఆపి, తిరిగి వచ్చేయాలి. మనవాళ్లు వెళ్లగానే చేసిన పనేమిటి? వాళ్ల ఓడరేవు తాళాలు తీసుకున్నారు. దెబ్బలు ఆపడానికి తాళాలతో పనేమిటో ఎవరైనా చెప్పండి."

ఆవిడకి ఆ జవాబు నచ్చింది. ఆయన మాట్లాడుతుంటే గర్వంగానూ ఉంటుంది, భయంగానూ ఉంటుంది. వీధి చివర రొట్టెల కొట్టాయన పలకరించడం మానేశాడు. పోయిన వారం ఎవరో గేటు మీద సుద్దతో 'దేశద్రోహి' అని రాసిపోయారు. ఆవిడ తడిగుడ్డ తెస్తే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఉండనీవే. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. వాననే చెరపనీ, నేను చెరపను."

పాలు పొంగుతుండగా ఫోను మోగింది. అల్లుడు. ఆయన వింటూ ఊఁ కొడుతున్న కొద్దీ మొహం ముడుచుకుపోయింది.

సంగతి ఇదీ. అల్లుడు సరుకు రవాణా కంపెనీలో పనిచేస్తున్నాడు. వేరే ఊరి ఆఫీసుకి పెద్దని చేసి పంపుతున్నారు. అమ్మాయికి ఇక్కడ కళ్లజోళ్ల కొట్టు ఉంది. ఒక్కో అద్దం అరగదీసి, ఒక్కో ముక్కుకి సరిపడా ఫ్రేము వంచి నిలబెట్టుకున్న కొట్టు. చుట్టుపక్కల ముసలివాళ్లు డాక్టరు దగ్గరికంటే ముందు ఆ అమ్మాయి దగ్గరికే వస్తారు. కొట్టు వదిలి రానంటోంది. మొగుడూ పెళ్లాల మధ్య మాటల్లేవు.

"మీరొచ్చి నచ్చజెప్పండి మావయ్యగారూ, మీ మాటయితే వింటుంది అంటున్నాడే" అన్నారాయన. "ఇలాగే నాన్చితే కాపురం రెండు ముక్కలవుతుంది. మీ తమ్ముణ్ణి కూడా రమ్మను."

ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడ తమ్ముడు పోలీసుశాఖలో చేసి రిటైరయ్యాడు. బలం ఉన్నది వాడడానికే అనే మనిషి. సైన్యం నది దాటిన రోజున బావ మీద కోపంతో కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. దేశం విషయంలో ఉప్పూనిప్పుగా ఉన్న ఆ బావాబావమరుదులు అమ్మాయి విషయంలో ఒక్క ఫోనుకే ఒక్కటైపోయారు.

"అమ్మాయి మనల్ని రమ్మనలేదు కదండీ?" అంది ఆవిడ చీర మార్చుకుంటూ.

"కన్నవాళ్లం. మనకి పిలుపేమిటే?" అని ఆయన చెప్పులేసుకున్నారు.

కొట్టు కింద, ఇల్లు పైన. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ. అమ్మాయి పై గదిలో కిటికీ పక్కన కూర్చుని సన్నటి స్క్రూడ్రైవరుతో ఒక ఫ్రేము బిగిస్తోంది. అల్లుడు గుమ్మంలో నిలబడి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టున్నాడు.

వరసగా మెట్లెక్కి వచ్చిన ముగ్గుర్నీ చూసి అమ్మాయి స్క్రూడ్రైవరు కింద పెట్టింది.

"ఏంటి నాన్నా, మావయ్యని కూడా తెచ్చావ్? దండయాత్రా?"

"నీ మంచికోసమేనమ్మా" అన్నాడు మేనమామ, కుర్చీ లాక్కుని.

"మంచికోసం కాకుండా ఎవరొస్తారు మావయ్యా? అందరూ దానికోసమే వస్తారు."

ఆయన కూతురి పక్కన కూర్చున్నారు. బస్టాండు గొంతు తగ్గించి, మెత్తగా మొదలుపెట్టారు. "చూడు తల్లీ. కొట్టు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. కాపురం అలా కాదు. ముందు సంసారంలో ఒక స్థిరత్వం..."

"ఆగు నాన్నా." అమ్మాయి నవ్వుతూనే ఉంది కానీ కళ్లు నవ్వడం లేదు. "పొద్దున కొట్టు ఊడ్చుకుంటూ విన్నాను. స్థిరత్వమంటే పెద్దవాడు చిన్నవాడి నోరు మూయించే మర్యాద మాటట. ఎవరో మైకాయన చెప్పాడు."

మేనమామ దగ్గినట్టు నవ్వాడు. తండ్రి చెవులు ఎర్రబడ్డాయి.

"అది దేశాల సంగతి. ఇది ఇల్లు."

"దేశం గురించి చెప్పేటప్పుడు నువ్వు చెప్పేదంతా ఇల్లే కదా? తలుపంటావు, గడపంటావు, పెరడంటావు. తీరా నిజం ఇంటికి వచ్చేసరికి ఆ మాటలన్నీ దేశానికి పంపేశావా?"

"నేను ఊరికే రాలేదు. అల్లుడుగారే రమ్మన్నారు!"

"తలుపు తీసింది ఒక్కరే కదా నాన్నా. ఈ ఇంట్లో ఇద్దరం ఉన్నాం."

ఆవిడకి ఆ క్షణంలో కూతురు ముద్దొచ్చింది, భర్తని చూస్తే జాలేసింది. ఆయన జారిన కళ్లజోడు పైకి తోసుకున్నారు. అది మళ్లీ జారింది. మాటల్లో ఓడిపోతున్న మనిషి గొంతు పెంచినట్టే ఆయనా పెంచారు.

"మాటలకేం, చాలా వచ్చు నీకు! నేను కొట్టు గది అద్దెకిచ్చిన ఓనరుతో మాట్లాడేశాను. దారిలోనే ఫోన్ చేశాను. నెలాఖరుకి ఖాళీ చేస్తుందని చెప్పేశాను. ఇంక దీనిమీద చర్చ లేదు."

అమ్మాయి మొహం పాలిపోయింది. కానీ ముందు నోరు తెరిచింది అమ్మాయి కాదు, అల్లుడు.

"అదేంటి మావయ్యగారూ! ఖాళీ చేయించమని నేనెప్పుడన్నాను? కాస్త నచ్చజెప్పమన్నాను, అంతే."

"నువ్వే కదయ్యా రమ్మన్నావు!" అన్నాడు మేనమామ.

"రమ్మన్నాను. బుద్ధి గడ్డి తిని రమ్మన్నాను. పిల్లుల తగువు తీర్చమని కోతిని పిలిచినట్టయింది." అన్నాక నాలుక్కరుచుకున్నాడు, అయినా ఆగలేదు. "తను లేనప్పుడు ఆ కొట్లో నేనూ కూర్చున్నానండీ. ఆ బోర్డు నేనే ఎక్కి కట్టాను. ఇది మా ఇద్దరి గొడవ. గెలిచినా ఓడినా నేను తనతోనే తేల్చుకుంటాను."

అమ్మాయి మొగుడి వంక అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. తర్వాత తండ్రి వైపు తిరిగింది.

"విన్నావుగా. కొట్టు అద్దెచీటీ నా పేరున ఉంది. ఉంచాలో తీయాలో మేం చూసుకుంటాం. మంచినీళ్లు తాగి బయల్దేరండి నాన్నా." గ్లాసు తెచ్చి తల్లి చేతికిస్తూ నెమ్మదిగా అడిగింది. "నువ్వు కూడా వచ్చావేంటమ్మా?"

ఆవిడ గ్లాసు అందుకుని తల దించుకుంది. రోజూ ఊరందరి తరఫునా ప్రశ్నలడిగే మనిషి, చీర మార్చుకుని వెనకాలే వచ్చేసింది.

తిరుగు బస్సులో తమ్ముడు "పొగరు, బావా. అంతా పొగరు" అంటూనే ఉన్నాడు. ఆవిడ కిటికీలోంచి దాటిపోతున్న ఇళ్ల తలుపులు చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున ఆవిడ దీపం దగ్గర మామూలుకంటే ఎక్కువసేపు కూర్చుంది. తర్వాత బొంత వేలాడదీసింది, ఫోను పట్టుకుంది. ఆయన కుర్చీలో సర్దుకుని "ఊఁ" అన్నారు.

ఆవిడ నొక్కలేదు.

"ఏమైందే? చెయ్యి నొప్పా?"

"చెయ్యి బాగానే ఉంది. నిన్న నోరే పడిపోయింది. ఇవాళ లేచింది."

"ప్రశ్న చివర్లో కదా?"

"ఇవాళ ముందే. ఇది రికార్డుకి కాదు, మీకు. తలుపుకి గడియ లోపలివైపు ఎందుకు పెడతారండీ?"

ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు. "నేను దాని తండ్రినే! పరాయివాణ్ణా?"

"మన టీవీవాళ్లూ అదే అంటున్నారు, మనం వాళ్లకి పెద్దన్నలాంటి వాళ్లమని. అంతమాత్రాన రేవు తాళాలు తీసుకోవచ్చా అని మీరే అడిగారు. మీరు కొట్టు తాళాలు తీసుకున్నారు." ఆవిడ ఫోను కిందికి దించింది. "ఓనరుకి ఇచ్చిన మాట వెనక్కి తీసుకునేదాకా నేను మీట నొక్కను. ఫోను గోడకి ఆనించి మీరే నొక్కుకుంటానంటే మీ ఇష్టం."

ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఆయనకి షరతు పెట్టడం అదే మొదలు. ఆయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. బయట ఎవరిదో బండి హారను మోగింది.

"భయమేసిందే" అన్నారు చివరికి. ఆ గొంతు ఏ బస్టాండులోనూ వినిపించనిది. "కాపురం కూలిపోతుందేమో, అది ఒంటరిదైపోతుందేమోనని."

"నాకూ వేసింది. అందుకే మీ వెనకాల వచ్చాను. భయమేసినప్పుడు దణ్ణం పెట్టుకుంటాం, ఓ మాట అడిగి చూస్తాం. తాళాలు లాక్కుంటామా? ఏమో, ఆ నది దాటించినవాళ్లకి కూడా లోపల భయమేనేమో."

ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఆవిడ చేతిలోని ఫోను అందుకున్నారు. కొట్టు గది ఓనరుకి ఫోన్ చేశారు. "నిన్న నేనన్న మాట తప్పండీ. ఆ కొట్టు సంగతి చెప్పడానికి నాకు హక్కు లేదు. మా అమ్మాయి చెబితేనే వినండి. ఆఁ, ఆవిడే, కొట్టు యజమానురాలు."

ఫోను ఆవిడ చేతిలోకి తిరిగొచ్చింది. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని మీట నొక్కింది.

"అయ్యా, తలుపు తీసింది ఒక్కరే అని నిన్న చెప్పాను. చెప్పిన పూటే నేను వేరేవాళ్ల ఇంట్లోకి అలాంటి తలుపు గుండానే దూరాను. ఆ ఇల్లు మా అమ్మాయిది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట ఓడాను. గేటు మీద రాసిన బాబూ, నువ్వూ వింటున్నావేమో, హాయిగా నవ్వుకో. కానీ ఒక్కమాట. నేను ఇంట్లో చేసింది తప్పయితే, దేశం చేసింది ఒప్పయిపోదు. రెండూ తప్పే. నా తప్పు నేను ఈ పొద్దున వెనక్కి తీసుకున్నాను. చిన్నవాణ్ణి, నా వల్ల అయింది. పెద్దవాళ్ల వల్ల ఎందుకు కాదు? రేవు తాళాలు ఇచ్చేసి రండి. అంతవరకూ నేను అడుగుతూనే ఉంటాను. గేటు మీద ఇంకా బోలెడు చోటుంది, రాసుకోండి."

ఆవిడ మీట ఆపేసరికి, ఇవాళ రికార్డింగు ఉండదనుకుని ముందే సన్నమంట మీద పెట్టిన పాలు పొంగి పొయ్యంతా పారాయి. ఇద్దరూ గబగబా వంటింట్లోకి పరిగెత్తి, ఒకరు గుడ్డతో, ఒకరు కాగితంతో తుడుస్తూ ఒకరినొకరు తిట్టుకుంటూ ఉండగానే ఫోను మోగింది. ఆవిడ తడిచేత్తోనే స్పీకరు పెట్టింది.

"నాన్నా, విన్నాను." అమ్మాయి గొంతు. "ఇక్కడ ఇంకా ఏమీ తేలలేదు. పొద్దున్నుంచి మళ్లీ దెబ్బలాడుకుంటున్నాం. కానీ మాట్లాడుకుంటున్నాం."

"మంచిదమ్మా" అన్నారాయన. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ నిగ్రహానికి ఆయన ఎంత కష్టపడుతున్నారో, గుడ్డని పిడికిట్లో నలుపుతున్న తీరులో ఆవిడకి కనిపించింది.

"నీ కళ్లజోడు కాలు వదులైంది. నిన్న అంత కోపంలోనూ నా కళ్లు దానిమీదే ఉన్నాయి. ఇవాళ భోజనానికి వచ్చేయండి, బిగించి ఇస్తాను."

ఆయన నోరు తెరిచి, మూసి, మెల్లిగా అడిగారు. "పిలుస్తున్నది నువ్వొక్కదానివేనా తల్లీ?"

అవతల గుసగుస. ఏదో నవ్వు. తర్వాత అల్లుడి గొంతు వెనకనుంచి గట్టిగా వినిపించింది.

"ఇద్దరం పిలుస్తున్నాం మావయ్యగారూ! కోతి మాటకి క్షమించి రండి. చిన్నమావయ్యగారిని మాత్రం ఇంకోసారి పిలుస్తాం."

ఆయన నవ్వబోయారు. కళ్లు మసకబారాయి. జారుతున్న కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, చెప్పుల కోసం గుమ్మం వైపు వెళ్లారు.

"ఇంకా పొద్దున్నేనండీ! భోజనం వేళ కావద్దూ?" అంది ఆవిడ.

ఆయన బుద్ధిగా వెనక్కి వచ్చి కూర్చున్నారు.