మూడో అంతస్తుల వయొలిన్ క్లాసు

అమీర్‌పేటల మా జిరాక్స్ దుకాణం మీద మూడో అంతస్తు ఉంది చూడు... చీకటి పడ్డంక అండ్ల ఎవ్వడు అడుగు పెట్టడు. కిరాయికి ఇస్తమని కట్టిన బోర్డు ఎండకు ఎలిసిపోయింది గని, మనిషి మాత్రం రాలే.

ఎనకట అక్కడ కంప్యూటర్ కోచింగ్ నడిచేది. దానికంటె ముందు ఎవరో కాపురముండె. ఆ ఇంటామె అండ్లనే కన్నుమూసిందంట. అప్పట్నుంచి ఆడమనిషి ఏడుపు వినవడ్తదని పుకారు. తాళంచెవి నా దగ్గరనే ఉంటది గని, దేవునికి దండం — నేనైతే ఎన్నడు ఆ మెట్లెక్కలే.

గీ ముచ్చట నాకు కృష్ణమోహన్ చెప్పిండు. వాడు ఎట్ల చెప్పిండో అట్లనే చెప్త.

పిల్లగాడు తెనాలోడు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్ల ఉంటడు. రాత్రి డ్యూటీ. అమెరికోళ్ల కంప్యూటర్లు ఖరాబైతే వీడు గీడ కూసోని ఫోన్ల సముదాయించాలె. కండ్ల కింద నలుపు, ఎప్పుడు జూసినా ఆవులింతలే. గసుంటోనికి వయొలిన్ పిచ్చి! విజయవాడల నాగేశ్వరి గారని ఒక మేడమ్, ఇంట్ల కూసోని కంప్యూటర్ వీడియోల నేర్పుతది. గా కంప్యూటర్‌కు గుచ్చుకునే డాంగల్ నెట్లు అప్పుడప్పుడే వస్తున్నయి.

మరి వాయించనీకె జాగ ఏది? హాస్టల్ల అందరియి షిఫ్టులే. పొద్దుగాల జూస్తే ఒకడు పండుకోని ఉంటడు, సాయంత్రం జూస్తే ఇంకొకడు. వీడు వయొలిన్ కమాను తీసిండంటే చెప్పు ఎగిరొస్తది.

"అన్నా, ఆ పైగది సాయంత్రం ఒక్క గంట ఇప్పించండి," అని బతిమాలిండు.

"దెయ్యముందిరా నాయనా."

"నా వాయింపు విన్నాక ఉండదులెండి."

నవ్వొచ్చింది. తాళంచెవి ఇచ్చేసిన.

ఇగ సూడు... కొన్ని దినాలకే గల్లీ అంత లొల్లి. మూడో అంతస్తుల ఆడిది ఏడుస్తుందంట! పాన్ డబ్బా సొహైల్ అయితే తాయత్తు కట్టుకున్నడు. నాకేమో కడుపుబ్బ నవ్వు — ఆ ఏడుపు మనోని సరళీ స్వరాలు.

కానీ పాపం, వానికి చెయ్యి కుదురుతలేదు. నెట్ల సప్పుడు జర ఆలస్యంగ పోతది గదా, ఇద్దరు కలిసి వాయించనీకె రాదు. మేడమ్ ఒక వరుస వాయించి ఆగాలె, తర్వాత వీడు అందుకోవాలె. వీడు అందుకునే లోపల నిద్ర ముంచుకొస్తది.

ఆఖరికి మేడమ్ చెప్పేసింది. "బాబూ, రేపు నెమ్మది నుంచి వేగం దాకా మూడు కాలాలూ తప్పు లేకుండా రాకపోతే ఇంక ఆపేద్దాం. నీకూ శ్రమ, నాకూ శ్రమ."

నా దగ్గర కూసోని కండ్ల నీళ్లు పెట్టుకున్నడు. "ఇది కూడా పోతే నాకంటూ ఏం లేదన్నా. లేస్తాను, పని చేస్తాను, పడుకుంటాను. అంతే."

మర్నాడు దీపాలు పెట్టే యాల్లకు పైకి పోయిండు. చాప పరిచి, లాప్‌టాప్ తెరిచిండు. మేడమ్ లైన్లకొచ్చింది. "దీపం పెట్టి వస్తాను, ఒక్క నిమిషం," అని లేచిపోయింది.

ఆ ఒక్క నిమిషం జర నడుము వాలుద్దామని... వయొలిన్ పెట్టె తల కింద పెట్టుకున్నడు.

మెలకువ వచ్చేసరికి చుట్టూ చీకటి. లాప్‌టాప్ వెలుగొక్కటే. దాన్ల మేడమ్... నవ్వుతుంది.

"లేచావా బాబూ?"

"మేడమ్... సారీ... క్లాసు..."

"అయిపోయిందిగా. మూడు కాలాలూ ఎంత హాయిగా వాయించిందో!"

"ఎవరండీ?"

"మీ అక్కయ్యా ఆవిడ? నేను నిన్ను లేపబోతే, వద్దని పెదవుల మీద వేలు పెట్టింది. అలిసిపోయాడు, పడుకోనివ్వమని సైగ చేసింది. పెట్టె లాగితే లేస్తావని, లోపల్నుంచి తన వయొలిన్ తెచ్చుకుంది. నీ బదులు తనే కూర్చుంది."

వీడు దిగ్గున లేచి కూసున్నడు. నేనొక్కడినే అనబోయిండు.

మేడమ్ గొంతు తగ్గించింది. "ఒక్కటే అర్థం కాలేదు బాబూ. నేను ఆగకుండా వాయిస్తూనే ఉన్నాను... తను నాతో కలిసే వాయించింది. కొంచెం కూడా వెనకబడలేదు. నెట్లో అలా కుదరదు కదా?"

వీడు మెల్లగ తల తిప్పిండు. పక్కన... ఎవ్వరు లేరు. నేల నిండ దుమ్ము. చాప పక్కన మాత్రం, ఒక మనిషి కూసునేటంత మేర, దుమ్ము లేదు.

"పాఠాలు ఆపనులే," అంటుంది మేడమ్. "రేపు ఇద్దరూ కూర్చోండి."

పెట్టె, లాప్‌టాప్ చంకల వెట్టుకోని ఉరికిండు. మెట్లు ఎట్ల దిగిండో వానికే తెల్వదు. నా బల్ల మీద తాళంచెవి పడేసి, నీళ్లు తాగి, గిదంత చెప్పిండు. "ఇగ చాలు బిడ్డా, మళ్ల పైకి పోకు," అన్న. తలూపిండు.

కొన్ని దినాలు కనవడలే. ఒకనాడు, మళ్ల గదే యాల్లకు, పెట్టె భుజానేసుకోని వచ్చి నిలబడ్డడు. తాళంచెవి కోసం చెయ్యి సాపిండు.

"మతి పోయిందారా? తెలిసి తెలిసి పోతవా?"

వాని మొఖం పీక్కపోయింది.

"బల్కంపేట గుడి వెనక కూర్చుంటే లేపేశారు. పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద హారన్లకి నా వయొలిన్ నాకే వినపడలేదు. హాస్టల్ సంగతి మీకు తెలుసుగా..." తాళంచెవి తీసుకున్నడు. "అమీర్‌పేట మొత్తంలో నన్ను వాయించుకోనిచ్చేది ఆవిడొక్కతే అన్నా."