ఎర్రపటం

"కళ్ళు మూసుకో తల్లీ. కదలకు," అంటూ సుభాషిణి పిల్లను పటయంత్రపు గొట్టంలోకి జరిపింది.

ఉదయం నుంచి బడిపిల్లల మెదడుపటాలు తీస్తూనే ఉంది. తెర ఆకుపచ్చగా వెలిగితే పిల్లలు ఇంటికి వెళ్తారు. ఎరుపైతే నునుపుగదికి.

గొట్టంలో ఉన్న లిఖిత మెదడుపటం తెరమీద పరుచుకుంది. బాదంగింజంత భయకేంద్రం ఉబ్బి ఉంది. పక్కనే జ్ఞాపకపు మడత కుంచించుకుపోయింది. ఊహ తెలిసినప్పటి నుంచీ భయంలోనే పెరిగిన మెదడు. ఎవరి వల్ల అన్నది పటంలో కనిపించదు, అడగమని ఏ చట్టమూ చెప్పదు. తెర ఎర్రబడింది.

సుభాషిణి తెరమీది ఆ మడతను వేలితో తాకింది. బాబాయి అడుగుల చప్పుడు వింటే బియ్యం డబ్బాల వెనక నక్కిన పిల్ల తను. తన పటమూ ఇలాగే ఉంటుందని తెలుసు. ఈ పటాల చట్టం రాకముందే ఉద్యోగంలో చేరింది కాబట్టి ఎవరూ తీయలేదు.

ఆమె బల్లను బయటికి జరిపింది. "ఎవరొచ్చారు నీతో?"

"మావయ్య." పిల్ల గొంతు తగ్గింది. "నునుపు చేస్తే ఏటవుద్ది మేడమ్?"

"భయం పోతుంది."

"మావయ్యంటే కూడానా?"

"ఆఁ."

లిఖిత బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. "వొద్దు మేడమ్. భయమేస్తేనే కదా పక్కింటి సూరీడమ్మ మామ్మ దగ్గరకి పారిపోతాను. భయం లేపోతే ఆడు పిలిస్తే ఎల్లిపోతాను."

నునుపుగది నుంచి నవ్వుతూ వచ్చి, తీసుకొచ్చినవాళ్ళ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయిన పిల్లలంతా సుభాషిణి కళ్ళముందు కదిలారు.

తలుపు తోసుకుని పర్యవేక్షకుడు ధర్మారావు వచ్చాడు. "ఎరుపొచ్చి ఇంతసేపైంది. పంపలేదేం?"

"ఈ పిల్లను ఎవరో హింసిస్తున్నారు సార్. ముందు అది చూడాలి."

"అది మన పని కాదమ్మా. మావయ్య ఒప్పుకున్నాడు, పంపెయ్."

గాజు తలుపు అవతల ఒక మనిషి లేచి నిలబడ్డాడు. "లిఖీ, రామ్మా," అన్నాడు, ఎంతో మెత్తగా. పిల్ల సుభాషిణి వెనక్కి చేరింది.

ఆ ఫలితం మార్చడం సుభాషిణి చేతిలో లేదు. కానీ చట్టం ప్రకారం, పటం తీసే పటకర్త పటమే ఎర్రబడితే, ఆ కేంద్రంలో తీసిన పటాలేవీ చెల్లవు. ఆ పటకర్తకు మాత్రం నునుపుగది తప్పదు.

ఆమె బల్లమీద పడుకుంది. "లిఖితా, ఆ తెల్ల మీట నొక్కమ్మా."

"ఆగు!" ధర్మారావు అరిచేలోపే గొట్టం మూసుకుంది. లోపల ఇరుకు, చీకటి. బియ్యం వాసన వచ్చినట్టయింది.

బల్ల బయటికి జరిగేసరికి ఆ గది తెర ఎర్రగా ఉంది. పక్కగది తెరా ఎర్రబడింది. ఆ తర్వాత కేంద్రంలోని తెరలన్నీ. నునుపుగది తలుపులకు, ఈ గది గాజు తలుపుకు తాళాలు పడ్డాయి. "పటాలు రద్దు. మళ్ళీ తీసేవరకు ఏ బిడ్డనూ ఎవరికీ అప్పగించరాదు," అని యంత్రం గొంతు నడవాలన్నిటా మోగింది. అవతలి మనిషి గాజు తలుపును గుద్దుతున్నాడు.

"ఏం చేశావో తెలుసా? నిన్నూ నునుపుగదికి పంపాలి!" ధర్మారావు మొహం పాలిపోయింది.

"పంపండి." సుభాషిణి బల్ల దిగి నిలబడింది. "నన్నిలా చేసినవాడి పేరు మాత్రం ముందు వినండి సార్. మా బాబాయి సన్యాసిరావు."

లిఖిత ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని, తలుపు వైపు చూడకుండా అడిగింది.

"మేడమ్, నేనూ చెప్పీనా?"