గన్నేరు రంగు అడుగులు

పాతరేవు సందులో మంచు ఇంకా విడలేదు. బడికి వెళ్లే పిల్లల పాదాల కింద రాళ్లు ఒక్కొక్కటిగా వెలిగి, పాదం ఎత్తగానే ఆరిపోతున్నాయి. పసుపు వెలుగు గెంతుతూ వస్తే కుమారి. ఆకుపచ్చ నెమ్మదిగా వస్తే చిట్టిబాబు. నడక తీరును బట్టి మనిషిని గుర్తుపట్టే ఆ రాళ్లను అడుగెరుకలు అంటారు.

వాటిని వేయించింది నూకరత్నం. మోకాలు కాస్త వంగినా పోటీలోంచి తప్పించే నడకపందెంలో ఒకప్పుడు దేశానికి పతకాలు తెచ్చింది. పందేలు మానాక పుట్టిన పేటకే తిరిగివచ్చి, మూతపడిన గోనెసంచుల గిడ్డంగిని బడిగా మార్చింది. సందులో వెలుగు వచ్చాక, చీకటికి జడిసి ఇంట్లో ఉండిపోయిన పిల్లలు బడికి వచ్చారు. వాళ్ల వెనక దుకాణాలూ ఆసుపత్రీ వచ్చాయి.

ఈరోజు ఆమె చేతిలో చెరుపుపలక ఉంది. వానాకాలంలో జ్వరంతో పోయిన బడిపిల్ల గౌరి రంగును రాళ్ల జ్ఞాపకంలోంచి తీసేయాలి. పోయినవారి రంగు ఉంచకూడదని నియమం. ఆ మాట చెప్పడానికే నూకరత్నం, గౌరి తల్లి సూరీడమ్మ ఇంటి గుమ్మం ముందు ఆగింది. కూతురు పోయాక సూరీడమ్మ గడప దాటలేదు.

ఎలా మొదలుపెట్టాలో తోచక నిలబడి ఉండగా, మలుపులో గన్నేరుపువ్వు రంగు వెలిగింది.

గౌరి రంగు. రెండడుగులు వడిగా, మూడోది ఆగి, ఎడమ మడమ ఈడుస్తూ.

రాళ్లు నమ్మాయి. నూకరత్నం కళ్లు నమ్మలేదు. వస్తున్నది కుమారి. వెనక చిట్టిబాబు, ఆ వెనక తరగతంతా. ఈ గుమ్మం ముందు అందరూ గౌరిలాగే నడుస్తున్నారు. కొందరి కింద ఆ రంగు మిణుకుమని పోతోంది.

"ఆళ్లనేటీ అనకు రత్నమప్పా," అంది గడప లోపల నిలబడ్డ సూరీడమ్మ. "రోజూ నాకోసం దాన్ని ఇలా నడిపించుకెల్తన్నారు."

"నీకు తెలుసా?"

"కన్నదాన్ని. తెలవకేటి?"

ఆమె చూపు చిట్టిబాబు పాదాల మీద నిలిచింది.

"ఓరి గుంటడా, ఈడ్సేది ఎడం మడం. కుడిది కాదు."

వాడు మళ్లీ నడిచాడు. మళ్లీ తప్పింది. సూరీడమ్మ కాసేపు చూసి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి గడప దిగింది. రెండడుగులు వడిగా. మూడోది ఆగి.

రాయి ఒక క్షణం తడుముకుని, గన్నేరు రంగులో వెలిగింది.

నూకరత్నం పలకను సంచిలో పెట్టేసింది. సూరీడమ్మ వెనక్కి చూడలేదు. పిల్లలను వెంటబెట్టుకుని, తప్పులు దిద్దుతూ, బడి దాకా నడిచింది.