ఉప్పుమేడ కిటికీలో మొహం

ధవళేశ్వరం దిగువన, కాలవ గట్టు మీద ఉప్పుమేడ అని ఒకటుండేది. ఎప్పుడో ఉప్పు కొట్లు చూసుకునే దొర కోసం కట్టారట. దొర పోయాడు, కొట్లు పోయాయి, మేడకి పేరొక్కటే మిగిలింది. తరవాత ఆ పేరూ చెడింది.

పొద్దుగూకాక ఆ రేవులో పడవ ఆపేవాడు లేడు. పై కిటికీలో ఆడమనిషి నిలబడుతుందనీ, చూసినవాడికి జ్వరం తప్పదనీ చెప్పుకునేవారు. ఎవరు చూశారయ్యా అని అడిగితే మాత్రం, చూసినవాడు దొరికేవాడు కాదు. చూసినవాడి పక్కింటివాడే దొరికేవాడు.

అలాంటి మేడ ఫొటోలోకి ఎక్కింది.

రాజమండ్రికి ఫొటోలు కొత్త అప్పుడు. జగన్నాథరావు గారని ఒకాయన దుకాణం పెట్టారు. మోతుబరుల బొమ్మలు తీయాలంటే వెనకాల గొప్పగా కనబడే స్తంభాలూ గోడలూ ఉండాలి కదా, వాటి కోసం ఊళ్ళు పట్టుకు తిరిగేవారు. ఉప్పుమేడ ఆయన కంటబడింది. దొరబాబు అనే భూస్వామిని పట్టపగలు ఆ మేడ ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి బొమ్మ తీశారు. తీరా చూస్తే... దొరబాబు తలపాగాకి పైన, కిటికీలో — ఒక ఆడ మొహం. పొగలా చెదిరింది. అయినా మొహమే.

దొరబాబు ఆ బొమ్మ ముట్టుకోలేదు. ఇంటికెళ్ళి, మాట ప్రకారం జ్వరం తెచ్చుకున్నాడు. జగన్నాథరావు గారు దాన్ని దుకాణంలో తగిలించారు. జనం విరగబడి వచ్చారు. మేడ ఎక్కడుందో మాత్రం ఆయన చెప్పేవారు కాదు. చెబితే పక్క దుకాణం వాడు కూడా అక్కడికే కుర్చీ మోసుకుపోతాడని ఆయన అనుమానం.

ఆ వచ్చిన జనంలో కామేశం ఒకడు. బొమ్మ చూశాడు, చూసి దుకాణం మెట్ల మీద కూలబడ్డాడు. తల కాస్త పక్కకి వాల్చి చూసే ఆ చూపు తన చెల్లెలు శ్యామలాంబది.

శ్యామలాంబ గోదావరిలో పోయి ఏళ్ళయింది. కాపురానికి వెళ్ళకముందే మొగుడు పోయాడు. పెద్దమనిషయ్యాక, ఇక జుట్టు తీయించాలని తండ్రి పేరిశాస్త్రి గారు మంగలికి కబురు పెట్టారు. ఆ సాయంత్రం నీళ్ళకని రేవుకెళ్ళిన పిల్ల తిరిగి రాలేదు. బిందె దొరికింది, పిల్ల దొరకలేదు. శాస్త్రి గారు కర్మ జరిపించి ఊరుకున్నారు. తల్లి మహాలక్ష్మమ్మ ఆనాటి నుంచి కూతురి పేరెత్తలేదు.

బొమ్మ సంగతి శాస్త్రి గారి చెవినీ పడింది. కొడుకుని పిలిచారు.

"ఆ మేడ ఎక్కడుందో కనుక్కుని చూసిరా. దెయ్యమైతే గయలో పిండం పెడదాం. మనిషైతే..." కండువా సర్దుకున్నారు. "మనిషైతే నాకు చెప్పు చాలు."

చెబితే ఏమవుతుందో కామేశానికి తెలుసు. ఆయన మంగలిని వెంటబెట్టుకుని బయల్దేరతారు. పిల్లని ఈడ్చుకొచ్చి, గుండు గీయించి, మూల కూర్చోబెడతారు. చెల్లెలు బతికుంటే చాలని కామేశం మొక్కుకున్నాడు. బతికుంటే ఎలాగా అని ఆ వెంటనే భయపడ్డాడు.

మేడని పట్టుకోవడం తేలిక కాలేదు. కాలవ వెంట రేవు రేవునా ఆగి, ఇలాంటి స్తంభాలు, ఇలాంటి కిటికీ అని అడుగుతూ పోయాడు. ఎగువన అందరూ తెలీదని నవ్వేశారు. దిగువకి పోయేకొద్దీ నవ్వులు తగ్గాయి. ఒక రేవులో అయితే, కిటికీ మాట ఎత్తగానే అందరికీ పనులు గుర్తుకొచ్చాయి. నోళ్ళు ఎక్కడ మూతపడ్డాయో మేడ ఆ దగ్గరే ఉంటుందని కామేశం లెక్క వేసుకున్నాడు.

ఆ రేవులో బుల్లియ్య అనే పల్లెవాడు పడవ వేస్తాడు. అతణ్ణి అడిగితే, ఆ మేడ కూలిపోయిందన్నాడు. కాసేపాగి, వరదకి కొట్టుకుపోయిందన్నాడు. ఇంకాసేపాగి, అసలు అలాంటి మేడే ఈ చుట్టుపక్కల లేదన్నాడు. లేని మేడ కూలడమేంటో, కూలిన మేడ కొట్టుకుపోవడమేంటో కామేశానికి అర్థం కాలేదు గానీ, ఇతనికి అన్నీ తెలుసని మాత్రం అర్థమైంది. పడవ లేకపోతే నడిచైనా పోతానని గట్టెక్కాడు. అప్పుడు బుల్లియ్య వెనకే వచ్చి, గొంతు తగ్గించి —

"పడవెక్కండి బాబుగారూ. మరి ఏం జరిగినా నన్ననకండి."

దీపాలు పెట్టే వేళకి మేడ కనబడింది. పై కిటికీలో మిణుకుమని వెలుగు... బుల్లియ్య పెద్దగా దగ్గాడు. వెలుగు కిటికీలోంచి తప్పుకుంది.

ఎవరికి వినబడాలని ఆ దగ్గు? కామేశం తిరిగి చూశాడు. బుల్లియ్య నీళ్ళకేసి చూస్తూ గెడ వేస్తున్నాడు.

మేడలో చీకటి. గబ్బిలాల కంపు. కామేశం గోడ తడుముకుంటూ మెట్ల దాకా వెళ్ళాడు — ఆగాడు.

ఇంగువ వాసన.

ఎవరో ఇప్పుడే చారుకి పోపు పెట్టారు. దెయ్యాలు పోపు పెట్టుకుంటాయని ఏ శాస్త్రంలోనూ లేదు. కామేశానికి ప్రాణం లేచొచ్చింది. పైన ఉన్నది మనిషే. తెల్లచీర కట్టుకుని, బోసి మొహంతో, తన చెల్లెలే ఉంటుంది. మెట్లెక్కాడు. తలుపు సందులోంచి సన్నగా వెలుగు. తోశాడు...

ఎదురుగా శ్యామల.

అదే మొహం. కానీ నుదుట ఇంత బొట్టు. తలలో పూలు. చేతుల నిండా గాజులు. పాదాలకి పసుపు.

కామేశం గుమ్మంలోనే ఆగిపోయాడు. మొగుడు పోయిన పిల్లకి బొట్టెక్కడిది? పూలెక్కడివి? ఇది శ్యామల కాదు. శ్యామల మొహం తొడుక్కున్న మరేదో. అది ఒక అడుగు ముందుకేసింది. గాజులు గలగలమన్నాయి... కామేశం జంధ్యం పట్టుకున్నాడు. గాయత్రి నోటికి రాలేదు.

"అన్నయ్యా."

పలకకూడదు. ఇలాంటి పిలుపుకి పలకకూడదు...

"అన్నయ్యా, నేను చావలేదు." గుసగుసలాడినట్టుంది గొంతు. "నాకు మళ్ళీ పెళ్ళయింది."

కామేశం జంధ్యం వదిలేశాడు. సిగ్గుతో తల దించుకున్నాడు. సొంత చెల్లెలి నుదుట కుంకుమ చూసి దెయ్యమనుకున్నాడు. ఆమె చచ్చిందనైనా నమ్మాడు గానీ, ముత్తైదువగా బతికుంటుందని ఊహకైనా రాలేదు.

మిగతాది ఆమె చెప్పింది. ఏటిలోంచి లాగింది బుల్లియ్య. దాచింది వాళ్ళింట్లో. కాలవ ఆఫీసులో గుమాస్తా ఒకాయన మంచివాడు, చేసుకున్నాడు. అలాంటి పెళ్ళిళ్ళు అప్పుడప్పుడే మొదలైన రోజులవి. చేసుకున్నవాళ్ళని నూతిలో చేద కూడా వేయనివ్వకుండా వెలేసేవారు. అందుకని ఇద్దరూ ఈ పాడుపడ్డ మేడలో కాపురం పెడితే, బుల్లియ్యే ఒక దెయ్యాన్ని పుట్టించి దానికి కాపలా పెట్టాడు. ఫొటో రోజున పాపం, ఆ నల్ల గుడ్డ కప్పుకున్న పెట్టె ఏమిటా అని చూడబోయి ఆమె దొరికిపోయింది.

"నాన్నకి చెప్తావా?" అని అడిగింది.

కామేశం ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆ తరవాత మెట్లు దిగి వచ్చేశాడు.

మర్నాడు ఇంటికి చేరేసరికి వీధరుగు నిండా జనం. ఏమైందని శాస్త్రి గారు అడిగారు.

"దెయ్యమే నాన్నగారూ. కళ్ళారా చూశాను. ఆ వైపు ఎవరూ వెళ్ళకండి."

చేతులు నిజంగానే వణుకుతున్నాయి కనక అందరూ నమ్మారు. శాస్త్రి గారు కొడుకు మొహంలోకి చాలాసేపు చూశారు. గయ ప్రయాణానికి మంచిరోజు చూడాలని మాత్రం అన్నారు.

మహాలక్ష్మమ్మ ఇద్దరికీ వడ్డించింది. శాస్త్రి గారు భోంచేసి, చెయ్యి కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళారు. అప్పుడు నేతిగిన్నె పట్టుకుని కొడుకు మీదకి వంగింది.

"ఒరే... ఆ దెయ్యం చిక్కిపోయిందా?"

కామేశం తలెత్తలేదు.

"లేదమ్మా. కాస్త ఒళ్ళు చేసింది."

ఆవిడ మరేం అడగలేదు. గిన్నెలో నెయ్యంతా అయిపోయేదాకా కొడుకు విస్తట్లో పోస్తూనే ఉంది.